పొగంటే గిట్టని ఆరోగ్యం

ఆరోగ్యం ఇంట్లో గదులు రెండున్నర. ముందు గది, వంటిల్లు, వెనకాల ఒక అరగది. పాల్వంచ కంపెనీ కాలనీలో క్వార్టర్లన్నీ అంతే. కూతురు జెస్సికా పెళ్ళయి సత్తుపల్లి వెళ్ళిపోగానే ఆ అరగది ఖాళీ అయింది. దాంతో పాతికేళ్ళుగా సజావుగా సాగిన కాపురంలో సరిహద్దు తగాదా మొదలైంది.

ఆయన భార్య విశ్రాంతమ్మకు ఆ గది కుట్టుమిషను కోసం కావాలి. పేరుకు విశ్రాంతమ్మే గానీ, కాలనీలో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు ఆమె చేతి మీదుగా వెళ్ళాల్సిందే. మిషను ముందు గదిలో గుమ్మానికి అడ్డంగా ఉంటుంది. కొలతలు ఇవ్వడానికి ఎవరొచ్చినా సరే, ఆరోగ్యం టవలు భుజాన వేసుకుని బయటికి పోవాలి. బయట వాన పడుతున్నా పోవాలి.

ఆరోగ్యానికి అదే గది వర్క్‌షాపు కోసం కావాలి. వర్క్‌షాపులో నీకేం పని అని పెళ్ళాం అడిగితే మొన్నటిదాకా జవాబు లేదు. అల్లుడు జస్టిన్ పుణ్యమా అని ఇప్పుడు దొరికింది.

జస్టిన్ ముచ్చటపడి ఒక నైట్రో కారు కొనుక్కున్నాడు. మూరెడు పొడవు, చేతిలో రిమోటు పట్టుకుని నడపాలి. బ్యాటరీతో తిరిగే పిల్లల బొమ్మ కాదు. లోపల నిమ్మకాయంత నిజమైన ఇంజను, దానికో కార్బురేటరు, సైలెన్సరు, గుంజి స్టార్ట్ చేయడానికి తాడు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా నడక. మూడు నెలలు తాడు గుంజి గుంజి భుజం పట్టేశాక, జస్టిన్ దాన్ని తెచ్చి మామగారి ఒళ్ళో పెట్టాడు. "మామయ్యా, ఇది మీవల్లనే అయితది" అన్నాడు.

ఆ మాటకు ఆరోగ్యం ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చొక్కాలన్నీ విప్పదీసి మళ్ళీ కుట్టాల్సి వస్తుందేమోనని విశ్రాంతమ్మ భయపడింది.

పెరగదా మరి. ఆయన ఇరవై ఎనిమిదేళ్ళుగా థర్మల్ ప్లాంటులో బాయిలర్ ఆపరేటరు. పదంతస్తుల బాయిలర్‌ను చెప్పుచేతల్లో పెట్టుకున్నవాడికి నిమ్మకాయ ఒక లెక్కా. కారును చంకలో పెట్టుకుని నేరుగా అరగదిలోకి నడిచి, లోపల ఒక బల్ల వేసేశాడు.

"ఏందయ్యా, బొమ్మ కారుకు గదా? నా మిషనుకు గుమ్మమా?" అంది విశ్రాంతమ్మ.

"బొమ్మ అనకు విశ్రాంతం. ఇంజను అను."

"నడిచిన్నాడు ఇంజను అంట. ఇయ్యాల్టికి బొమ్మనే."

ఈ గొడవ పక్క క్వార్టరు దాకా వినబడి, కిషన్‌లాల్ గోడ మీద నుంచి తల పెట్టాడు. కిషన్‌లాల్‌ది తల్లాడ దగ్గర తండా, ఇదే ప్లాంటులో ఎలక్ట్రీషియను. ఆరోగ్యానికి తమ్ముడి లెక్క. సాక్షి దొరికేసరికి ఆరోగ్యానికి ఊపొచ్చింది. కారును ఆగకుండా కాలనీ గ్రౌండు చుట్టూ పది రౌండ్లు తిప్పినవాళ్ళదే గది, ఆదివారం దాకా గడువు అని ప్రకటించాడు. తిప్పేది తానే కదా అని ధీమా. విశ్రాంతమ్మ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

సోమవారం పని మొదలైంది. ఇంజనులోకి ఇంధనం రావడానికి తాడు మూడుసార్లు గుంజితే చాలు. ఆరోగ్యం ముప్ఫైసార్లు గుంజాడు. ఇంధనం లోపల నిండిపోయి, ముప్ఫై ఒకటోసారి తాడు కదలనే లేదు.

బిగుసుకుపోయిందని విశ్రాంతమ్మ అంది. కంప్రెషన్ బ్రహ్మాండంగా ఉందని ఆరోగ్యం అన్నాడు.

నిండిన ఇంధనాన్ని బయటికి పంపాలంటే ప్లగ్గు విప్పి, కారును తిరగేసి తాడు గుంజాలి. అది ఆయనకు తెలుసు. ప్లగ్గు రంధ్రం ఎటు చూస్తుందో చూసుకోవాలని మాత్రం తట్టలేదు. గుంజగానే లోపలున్నదంతా పిచికారీలా తలుపు దాటి వెళ్ళి, ముందు గదిలో మిషను మీదున్న పట్టు జాకెట్టు మీద పడింది. ఆ జాకెట్టు ఎదురింటి చిన్నక్కది. తమ్ముడి గృహప్రవేశానికని పదిహేను రోజుల ముందే ఇచ్చి, రోజుకు రెండుసార్లు వచ్చి చూసుకుపోతోంది.

విశ్రాంతమ్మ కుంకుడురసం తీసి జాకెట్టు ఉతకడానికి పెరట్లో కూర్చుంది. ఉతుకుతూ ఉతుకుతూ మరక దగ్గర ఆగి వాసన చూసింది. మరోసారి చూసింది. ఏడుస్తోందేమోనని ఆరోగ్యం కాసేపు పెరట్లోకి వెళ్ళలేదు.

మంగళవారం ఇంజను స్టార్ట్ అయింది. ప్లగ్గుకు వేడినిచ్చే కడ్డీ పైన తగిలించి గుంజగానే, తేనెటీగల తుట్టె కదిలినట్టు మోత మొదలైంది. మొదటిసారి కదా, దర్జాగా ఉండాలని ఇంజను ఊరికే తిరిగేటప్పటి వేగాన్ని పెంచే ఐడిల్ స్క్రూను ఆరోగ్యం బాగా ఎక్కించి పెట్టాడు. కారును నేల మీద పెట్టాడు. అది ఆయన కోసం ఆగలేదు.

అరగదిలోంచి ముందు గదిలోకి, మంచం కిందుగా మిషను కాళ్ళ మధ్యకు దూరి, దండెం మీద నుంచి జారి నేల మీద పడివున్న ఆ పట్టు జాకెట్టును తగిలించుకుని గుమ్మం దాటేసింది. ఆరోగ్యం రిమోటు బటన్లన్నీ నొక్కుతూ వెనక పరిగెత్తాడు. రిమోటు ఆన్ చేయలేదని ఆయనకు చాలాసేపటి దాకా తెలియలేదు.

గోడ అవతలి నుంచి కిషన్‌లాల్ నింపాదిగా "అన్నా, జాకెట్టు పోతున్నది" అన్నాడు.

కిషన్‌లాల్ స్కూటరుకు గుద్దుకుని కారు ఆగింది. సరిగ్గా అప్పుడే చిన్నక్క తన జాకెట్టును ఆ రోజుకు రెండోసారి చూసుకోవడానికి వచ్చింది. చిన్నక్క ఏమన్నదో ఇక్కడ రాస్తే బాగుండదు. జాకెట్టుకు ఊడిన చెయ్యి మళ్ళీ వేసి, కొత్త గుడ్డతో అంచు కట్టి, విశ్రాంతమ్మ బుధవారం సాయంత్రానికి ఆ గండం గట్టెక్కించింది.

ఆ బుధవారమే ఆరోగ్యం కారును గ్రౌండుకు తీసుకెళ్ళాడు. కారు కదిలింది. వెనకాల సైలెన్సరులోంచి తెల్లటి పొగ తోకలా బయల్దేరింది. అది చూసి ఆరోగ్యం పరిగెత్తి కారును ఆపేశాడు.

బాయిలర్ వాడికి పొగంటే ఎంత నామర్దానో మనకు తెలియదు. చిమ్నీలోంచి నల్లపొగ వచ్చిందంటే లోపల మంట సరిగ్గా లేదని అర్థం. ఆపరేటరు నిద్రపోతున్నాడని ఊరంతటికీ చాటింపు వేసినట్టే. ఇరవై ఎనిమిదేళ్ళలో తన షిఫ్టులో పొగ కనబడనివ్వలేదని ఆరోగ్యం బాప్తిస్మాల విందుల్లో కూడా చెప్పుకుంటాడు. అలాంటివాడి కారు కాలనీ గ్రౌండులో పొగ వదలడమా.

కార్బురేటరు మీద ఇంధనం స్క్రూ ఉంటుంది. ఎడమకు తిప్పితే ఇంధనం ఎక్కువ పోతుంది, కుడికి తిప్పితే తగ్గుతుంది. ప్లాంటులో వాల్వు తిప్పే చెయ్యి కదా, కుడికి రెండు పూర్తి చుట్లు తిప్పాడు. పొగ మాయమైంది. ఇంజను గొంతు సన్నబడి కీచుమంటూ పైకి లేచింది.

"విన్నవా కిషన్‌లాల్, ఎంత శుభ్రంగ పాడుతున్నదో" అన్నాడు.

అర రౌండు పాడి ఆగిపోయింది. పది నిమిషాలు చల్లారనిస్తే మళ్ళీ స్టార్ట్ అయింది, మళ్ళీ అర రౌండుకు ఆగింది. గురువారం కూడా అదే వరస. ఆరోగ్యం ప్లగ్గు మార్చాడు. గాలి ఫిల్టరు కడిగాడు. ట్యాంకు ఖాళీ చేసి కొత్త ఇంధనం పోశాడు. అల్లుడు తెచ్చిన డబ్బాను తిట్టాడు, గోదావరి మీద నుంచి వచ్చే చెమ్మ గాలిని తిట్టాడు. మధ్యమధ్యలో సన్నగా పొగ కనబడితే స్క్రూ ఇంకాస్త కుడికి బిగించాడు. తప్పు స్క్రూలో ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

శుక్రవారం అన్నానికి పిలవడానికి విశ్రాంతమ్మ గ్రౌండుకు వచ్చింది. అప్పుడే ఆగిన ఇంజను పక్కన కూర్చుని, సీసాలో నీళ్ళు వేళ్ళతో చిలకరించింది. చుక్క చుయ్‌మని కూడా అనలేదు, పడీ పడకముందే మాయమైంది.

"పెనం మాడిపోయిందయ్యా" అంది.

"ఇది దోసె కాదు విశ్రాంతం. కంబశ్చన్" అన్నాడు ఆరోగ్యం జాలిగా.

శనివారం ఆయనకు పొద్దుటి షిఫ్టు. ఆదివారం చర్చి అయ్యాక పది రౌండ్లూ కొట్టి చూపిస్తానని ప్లాంటులో అందరికీ చెప్పుకున్నాడు. వర్క్‌షాపుకు బోర్డు రాయించే సంగతి కూడా మాట్లాడాడు. మధ్యాహ్నం రెండింటికి కంపెనీ బస్సు గ్రౌండు దగ్గర దింపింది. చూస్తే అక్కడ జనం.

జనం మధ్యలో మెడలో కొలతల టేపుతో, చేతిలో రిమోటుతో విశ్రాంతమ్మ. గ్రౌండు చుట్టూ నైట్రో కారు. కిషన్‌లాల్ గట్టిగా "ఏడు" అని లెక్కపెడుతున్నాడు.

ఇంకొకడైతే ముందు పెళ్ళాన్ని చూసేవాడు. ఆరోగ్యం పొగను చూశాడు. కారు వెనక సన్నగా, నీలంగా, తెగని దారంలా పొగ. టిఫిను డబ్బా అక్కడే పడేసి, ఆపండి, పొగొస్తున్నది, ఆపండి అంటూ కారు వెంట పడ్డాడు. ఆయన కూడా పందెంలో ఉన్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఒక రౌండు వెనక పరిగెత్తి, లాభం లేదని ఎదురుగా వెళ్ళి కాళ్ళు ఎడం చేసి అడ్డం నిలబడ్డాడు. విశ్రాంతమ్మ కారును ఆయన కాళ్ళ మధ్య నుంచి, జాకెట్టు మెడ మలిచినంత నేర్పుగా దాటించింది. ఆయన దుమ్ములో కూలబడ్డాడు.

"తొమ్మిది" అన్నాడు కిషన్‌లాల్.

ఇప్పుడు ఆగుతుంది, ఇదుగో ఇక్కడ ఆగుతుంది అని ఆరోగ్యం కూర్చున్నచోటి నుంచే చూశాడు. అది ఆగలేదు. పదో రౌండు పూర్తి చేసి వచ్చి ఆయన పక్కన నిలబడి గుడగుడమంది. విశ్రాంతమ్మ ఇంజను మీద నీళ్ళు చిలకరించింది. చుక్క చుయ్‌మని ఉడికి, ఒకటి రెండు మూడు అనేంతసేపు గంతులేసి ఆరిపోయింది.

"ఎట్ల నడిచింది?" అన్నాడు ఆరోగ్యం గొంతు తగ్గించి.

ఆమె కూడా గొంతు తగ్గించే చెప్పింది, మొగుడి పరువు నలుగురిలో పోవడం ఆమెకూ ఇష్టం లేదు. "జాకెట్టు ఉతుకుతుంటే ఆముదం వాసనొచ్చింది. జెస్సికాకు కాటుక పట్టేటందుకు ఆముదం దీపం మీద మూకుడు బోర్లిస్తే ఎంత పొగొచ్చేది, మర్చిపోయినవా? ఆముదం కలిసిన ఇంజను పొగ రాకుంట ఎట్ల నడుస్తది? పొగ లేదంటే లోపలికి నూనె పోతలేదన్నట్టు. మిషనుకు దారం బిగువు సరిచేసినట్టు, పావు చుట్టు ఎడమకు ఇప్పిన, నీళ్ళు చల్లి చూసిన. చుక్క చుయ్‌మని ఉడికేదాక మళ్ళ పావు చుట్టు, మళ్ళ పావు చుట్టు. గంతే."

ఆరోగ్యానికి సిగ్గేసింది. ఆ సిగ్గు కింద ఎక్కడో, నా పెళ్ళాం కదా అన్న గర్వం కూడా కలిగింది. రెండూ కలిసి ఏం చేయాలో తోచక లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

ఇంతలో జనం చుట్టూ మూగి, ఏం చేశావమ్మా అని విశ్రాంతమ్మను అడిగారు. ఆమె నోరు తెరిచే లోపల ఆరోగ్యం అందుకున్నాడు. పొగ మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. ఈ ఇంజనుకు వేరే ఆయిలు ట్యాంకు ఉండదనీ, ఇంధనంలో కలిసిన నూనే దానికి ప్రాణమనీ, పొగ వస్తేనే ఆ నూనె అందుతున్నట్టనీ, పొగ ఆపినవాడు ఇంజనును ఎండబెట్టి చంపినట్టేననీ, స్క్రూను పావు చుట్టుకు మించి తిప్పేవాడు అసలు మెకానిక్కే కాదనీ చెప్పాడు. జనం తలలూపారు.

అంతా విని కిషన్‌లాల్ మర్యాదగా అడిగాడు. "అవ్ అన్నా. మరి బుధవారం పొగ ఆపింది ఎవరు?"

ఇంజను ఒక్కటే గుడగుడమంటోంది. ఆరోగ్యం కిషన్‌లాల్ వైపు చూశాడు, దూరంగా కనబడే ప్లాంటు చిమ్నీ వైపు చూశాడు, చివరికి భార్య వైపు తిరిగాడు.

"మిషను ఏ పక్కకు పెట్టాలె?" అన్నాడు.

"కిటికీ పక్కకు. ఇంకో మూల నీ కారుకు ఇచ్చిన. కిరాయేం వద్దు, రోజుకు పది జాకెట్లకు హుక్కులు కుట్టు, చాలు" అంది విశ్రాంతమ్మ.

పదంతస్తుల బాయిలర్‌ను నడిపేవాడికి హుక్కులు ఒక లెక్కా అన్నాడు ఆరోగ్యం. ఆ సాయంత్రమే కిటికీ పక్కన దర్జాగా కూర్చుని మొదటి జాకెట్టు పూర్తి చేశాడు. హుక్కు తగిలించే కాజాలన్న మాటే గుర్తు లేకుండా, రెండు వైపులా హుక్కులే కుట్టాడు.