తెల్లకోటు కింద ఒకటో తరగతి

నాకు అక్షరాలు వచ్చింది మనవలు బడికి పోయే రోజుల్లో. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను. ఎక్కడైనా ఒత్తు జారిపోతే మీరే పెట్టుకుని చదవండి. తొందరగా ఉన్నవాళ్ళు ముందు పొయ్యి మీద ఏముందో చూసి రండి.

కొండమీది ఊరు ఎల్ ఆల్తోలో మా సందు చివరింటి రోసెండా బడి తెరిచే ఆ ఫిబ్రవరి సోమవారానికి అన్నీ సిద్ధం చేసుకుంది. తెల్లవారకముందే లేచి కూతురు మారిబెల్‌కు జడలు వేయాలి. ఒకటో తరగతిలో చేరుతున్న రూబెన్‌కు బడి తెల్లకోటు తొడగాలి. ఇద్దరినీ వెంటబెట్టుకుని గంట కొట్టేలోగా బడి వంటగదిలో ఉండాలి. బడిపిల్లలకు పొద్దున్నే ఇచ్చే ఊదా మొక్కజొన్న జావ కాచే పని ఆమెకు కొత్తగా దొరికింది. పిండి జల్లించి తెమ్మని బస్తా ముందురోజే ఇంటికి పంపారు. పిల్లలతో పాటు వెళ్ళి పిల్లలతో పాటు ఇంటికొచ్చే పని ఊరు మొత్తం మీద అదొక్కటేనని రోసెండా నమ్మకం. అది పోతే మళ్ళీ సంతలో, చంకన పిల్లాడితో.

పెద్దపంతులమ్మ ఓర్తెన్సియా మేడమ్ పని ఇస్తూనే ఒక మాట చెప్పింది. "నీకు ముందు చేసినామె మొదటిరోజే పిల్లాడికి జ్వరమంది. ఆ పిల్లాడి పేరు నాకింకా గుర్తుంది. ఆమె పేరే గుర్తులేదు."

సోమవారం తెల్లవారేసరికి రూబెన్ ఒళ్ళు కాలిపోతోంది.

"జడుసుకున్నాడు," అంది రోసెండా అత్త గుమెర్సిండా, నుదుటి మీద చెయ్యి కూడా వెయ్యకుండా. "నిన్న బస్సుల దగ్గర ఆ నల్లకుక్క మీదికి దూకిందిగా. వీడి జీవం అక్కడే కూచుండిపోయింది. పోయి పిలుచుకొస్తా."

"అత్తా, గంట కొట్టేస్తారు!"

"జీవం లేకుండా పోయి వాడేం చదువుతాడే?"

జీవాన్ని పిలవాలంటే పిల్లాడు తొడిగి విప్పిన బట్ట కావాలి. రాత్రి కొలత చూడ్డానికి వాడు వేసుకుని విప్పింది తెల్లకోటే. రోసెండా మంచాల కింద దూరి ఆ కోటు కోసం వెతుకుతున్న వేళకు గుమెర్సిండా మినీబస్సుల మధ్య వానలో నిలబడి, దాన్ని గాల్లో ఆడిస్తూ, "రూబెన్, రారా నాయనా, ఇంటికి రా!" అని కేకలు పెడుతోంది. రూబెన్ అనే కండక్టరొకడు పలికాడు గానీ ఆమె వాణ్ణి తీసుకురాలేదు.

తెచ్చిన కోటు పిల్లాడి మీద కప్పింది. "నిద్రపట్టేదాకా తియ్యకు," అంది. అంతలో మారిబెల్ వచ్చి, "నాక్కూడా చలేస్తోందమ్మా," అంటూ తమ్ముడి పక్కన దూరింది. రోసెండా నెత్తిన చేతులు పెట్టుకుంది.

తలుపు దబదబా మోగింది. పక్కింటి బసీలియా, భుజాన కొడుకు విల్సన్‌తో.

"ఆ కోటు ఎవరిదనుకున్నావు పిన్నీ? రెండేళ్ళు మావాడు తొడిగింది! మెడపట్టీ నిండా వాడి చెమటే. మీవాణ్ణి పిలవబోయి మావాడి జీవం లాక్కొచ్చావు. చూడు, ఎట్లా కాలిపోతున్నాడో!"

"రూబెన్ అని గట్టిగానే పిలిచానే!"

"జీవం చెమటవాసన పట్టుకుని వస్తుంది గానీ పేర్లు చదువుకుంటుందా?"

గుమెర్సిండా కోటు మెడపట్టీ వాసన చూసి, "అదీ నిజమే," అంది. ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది. "సరే, వీడినీ కోటు కింద పడుకోబెట్టు. ఎవరి జీవం వాళ్ళకు చేరుతుంది."

"మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తాలే. దుంపల కొట్టు తెరవాలి," అంటూనే బసీలియా సందు మలుపు తిరిగింది.

ఆ కబురు ఆమెకంటే ముందే సంతకు చేరింది. మా సందులో పిల్లాడికి జ్వరమున్న ప్రతి తల్లికీ ఆ కోటుతో పాత చుట్టరికం గుర్తొచ్చింది. ఒకామె కూతురు దాన్ని పండుగ ఆటలో వేసుకుంది. ఇంకొకామె, "మావాడు తొడగలేదు గానీ రెండో బొత్తాం కుట్టింది నేనే," అంది. నేనూ మనవణ్ణి తీసుకెళ్ళాను, దాన్ని ఒకసారి మా ఇంటి సబ్బుతో ఉతికారు కదా! అందరం పిల్లల్ని దించేసి పనులకు పరుగెత్తాం.

బడి గంట మోగింది. గదినిండా మూలుగుతున్న పిల్లల్ని ముసలామెకు ఒదిలి కదల్లేక రోసెండా గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

"ఏడుపు తర్వాత. వీళ్ళకి ఆకలేస్తోంది," అంది అత్త.

"రొట్టె ఉందిగా."

"దవడ కదిపితే నొప్పంటున్నారు. మెత్తటిదేమన్నా చెయ్యి."

ఇంట్లో మెత్తటిది బడి పిండి ఒక్కటే. ఎలాగూ పని పోయిందనుకుని రోసెండా బస్తా మూతి విప్పింది. దాల్చినచెక్క, లవంగాలు వేసి ఉన్నంతలో పెద్ద కుండ నిండా జావ కాచింది.

పిల్లలు మూతులు ఊదారంగు చేసుకుంటుండగా ఓర్తెన్సియా మేడమ్ గొడుగుతో గుమ్మంలో నిలబడింది. బడిలో వంటమనిషి లేదు, పిండి లేదు, ఒకటో తరగతి గదిలో నరపురుగు లేదు.

"రోసెండా! అది బడి పిండేనా?"

"అదే మేడమ్."

"వీళ్ళు నా పిల్లలేనా?"

"వాళ్ళే మేడమ్. బడికి పంపకుండా నేనే ఆపేశాను." అత్త పేరు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

మేడమ్ గొడుగు ముడిచి ఒక్కొక్క పిల్లాడి దవడ కిందా నొక్కి చూసింది. ఒక్కొక్కడూ కెవ్వుమన్నాడు.

"గవదబిళ్ళలు," అంది. "అందరికీ."

"జడుపు," అంది గుమెర్సిండా.

"గవదబిళ్ళలమ్మా."

"గవదబిళ్ళలకు జడుసుకున్నారేమో!"

మేడమ్ ఆ వాదన ఒదిలేసింది. "వీళ్ళు ఈ పూట బడికొచ్చుంటే నెల తిరిగేసరికల్లా బడికి తాళం వేసుకునేవాళ్ళం. ఆపమని నీకెవరు చెప్పారు?"

రోసెండా ఓరకంట అత్త వైపు చూసింది. మేడమ్ ముక్కాలిపీట మీద కూర్చుని ఒక గ్లాసు జావ పోయించుకుంది. తాగి ఇంకో గ్లాసుకు చెయ్యి చాపింది. తర్వాత గొంతు సవరించుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఉబ్బిన బుగ్గలతో, కోటు కిందనుంచి, పిల్లలందరూ పలికారు. చివర్న "వంటమనిషి?" అంది.

"వచ్చాను మేడమ్," అంది రోసెండా, గరిటెతో కళ్ళు తుడుచుకోబోయి ఆగి.

ఆ రోజు మా సందు బడికి ఆలస్యంగా వచ్చింది పెద్దపంతులమ్మ ఒక్కతే.

సతుర్నీనా ఉవాంకా, డెబ్బై రెండేళ్ళు, ఇప్పుడు వియాచాలో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను.