ట్యాంకు నిండా సంతకాలు

కొత్తకోట అవతలి విమాన శిక్షణ సంస్థలో సంతకం లేకుండా ఏ విమానమూ ఇంతవరకు గాల్లోకి లేవలేదు. (ఇంధనం లేకుండా ఒకటి రెండు లేచాయని గిట్టనివాళ్లు అంటారు.)

ఆ పొద్దున గొర్రెల వ్యాపారి కురుమయ్య, తన బిడ్డ ప్రవళిక మొదటిసారి ఒంటరిగా విమానం నడపడం చూడటానికి వచ్చాడు. ఈ వంతు తప్పితే మళ్లీ మూడు నెలల తర్వాతే. ఎగిరేముందు చేయాల్సిన తనిఖీలు నలభై రెండు. ప్రవళిక చక్రాలు, రెక్కలు, తలుపు గడియ చూసి, నిచ్చెనెక్కి ఒక రెక్కలోని ఇంధనం ట్యాంకులో కొలపుల్ల ముంచింది. కొసకు రెండు వేళ్ల తడి. రెండో రెక్కలోనూ అంతే.

గొర్రె వెన్ను తడమకుండా ఏనాడూ ధర చెప్పని కురుమయ్య, పుల్లను కూడా తడిమి చూశాడు.

"సారూ, అడుగున జరంత తప్ప ఏం లేదు."

ఇంధన ధ్రువీకరణ అధికారి నాగరాజు పుల్ల వైపు చూడలేదు. రిజిస్టర్ తెరిచాడు. "నిన్న పొద్దున ఫుల్ చేసినం. ఇగో, మూడు సంతకాలు."

"నిన్న పగలంత ఎగిరింది గద సార్," అంది ప్రవళిక.

"ఎగిరిందమ్మా. కానీ ఆ ట్రిప్పుల మీద పెద్దసారు ఇంక సంతకం పెట్టలే. సంతకం కాంది ఎగిరినట్టు కాదు. ఎగరంది పెట్రోలు ఎట్ల కాలుతది?"

కురుమయ్యకు ఈ లెక్క నచ్చింది. (సంతలో ఇదే పద్ధతి ఉంటే, అమ్మిన గొర్రెలు కూడా మందలోనే మేస్తుండేవి.) "మరి పుల్ల రెండు వేళ్లే తడిసిందేంది సారూ?"

"పుల్లకు సర్టిఫికెట్ లేదు పెద్దాయనా. దాని మాట చెల్లదు. ఫిర్యాదుంటే పదిహేడో నంబరు ఫారం నింపు."

"నింపుతం. ముందుగాల మీరు ట్యాంకు నింపుండ్రి."

"నిండిన ట్యాంకుల మళ్ల పోస్తే పొర్లదా? భద్రతా నియమాలు ఒప్పుకోవు."

ప్రవళిక విమానం తాళంచెవి నాగరాజు బల్ల మీద పెట్టింది. "నేను పోను సార్."

"మూడు నెలలు బిడ్డా..." అని నసిగిన కురుమయ్య, పుల్లను ఇంకోసారి చూశాడు. "తియ్యి, ఆగుదం."

నాగరాజు మొదటిసారి భయపడ్డాడు. ఎనిమిదిన్నరకు ఆమె ఎగరాలని ఉత్తర్వు. ఎగరకపోతే రిజిస్టర్‌లో కారణం గడి నింపాలి. ఆ గడిలో అచ్చేసి ఉన్నవి మూడే: వాన, ఈదురుగాలి, మంత్రిగారి రాక. బయట మబ్బు తునక లేదు, మంత్రీ లేడు.

పదిన్నరకు ప్రవళిక చేతికి పత్రం వచ్చింది. ఒంటరి ప్రయాణం, నలభై నిమిషాలు. ఎట్లా దిగిందన్న గడిలో 'చాలా మెత్తగా' అని ఉంది.

"మరి నేనెప్పుడు ఎగరాలె సార్?"

మొదటిసారి ఎగరడం ఎవరికైనా ఒక్కసారేనని నాగరాజు మర్యాదగా చెప్పాడు.