అస్థిపంజరంగారిది ఏ పేట?

ఆదిమానవ మ్యూజియానికి జనం రావడం లేదు కనుక దాన్ని మూసేసి గోదాముగా వాడుకోవాలని ప్రభుత్వం ఎంతో దూరదృష్టితో ఆలోచిస్తున్న రోజులవి. క్యూరేటరుగారికి కంటిమీద కునుకు లేదు. వచ్చే నలుగురూ రాతి పనిముట్ల గదిలో పంకా కింద నిలబడి, చెమట ఆరగానే వెళ్ళిపోయేవారు.

అలాంటి సమయంలో ఎగువపేట నాయకుడు సందర్శనకు విచ్చేశారు. గాజుపెట్టెలో ఉన్న వేల ఏళ్ళనాటి అస్థిపంజరాన్ని తేరిపార చూసి, గొంతు సవరించుకున్నారు.

"ఈ దవడలో ఎంత పట్టుదల ఉందో చూడండి. ఈయన కచ్చితంగా మా పేట మనిషే."

మర్నాడు ఎగువపేట యావత్తూ కదిలివచ్చింది. దిగువపేట ఊరుకుంటుందా? వాళ్ళ పెద్దమనిషి వచ్చి, పుర్రెకున్న పగులు చూపించి, "దెబ్బ తిన్నవాడు మావాడు. వెనకనుంచి కొట్టినవాడు వాళ్ళవాడు" అని మానవ చరిత్రను రెండు ముక్కల్లో తేల్చేశారు.

మ్యూజియం కిటకిటలాడింది. గోదాము ఆలోచన అటకెక్కింది. క్యూరేటరుగారి ముఖం చాటంత అయింది.

"జనం వస్తున్నారు కదా, ఇక నోరు మూసుకుని కూర్చోండి. అసలే మీకు నిజం చెప్పే జబ్బుంది" అని భార్య హెచ్చరించింది.

తోపులాటలో గాజుపెట్టె కదిలిననాడు ఆ జబ్బు ముదిరింది. ఆయన బల్ల ఎక్కి, "కొట్టుకోకండి బాబూ. ఈయన కాలానికి పేటలే లేవు. ఈయన మీ అందరికీ తాతే" అన్నారు.

తోపులాట ఆగిపోయింది.

"అంటే, వీళ్ళూ మేమూ అన్నదమ్ములమనా?" అన్నారు ఎగువపేట నాయకుడు.

"ఎంత మాటన్నాడండీ" అన్నారు దిగువపేట పెద్దమనిషి.

తరతరాలుగా ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు పేటలూ ఆ సాయంత్రమే భుజం భుజం కలిపి ఊరేగి, క్యూరేటరుగారిని బదిలీ చేయించాయి. ఇంతటి ఐకమత్యం సాధించినందుకు ఆయనకు సన్మానం మాత్రం జరగలేదు.

"నేను చెప్పానా లేదా?" అంది భార్య, సామాను సర్దుతూ.

"ఇంకా నయం. పుర్రె మీద ఆ దెబ్బ కొట్టింది సొంత తమ్ముడే అయ్యుంటాడని కూడా చెప్పాలనుకున్నాను" అన్నారాయన.

కొత్త క్యూరేటరు లౌక్యం తెలిసినవాడు. గదికి ఎగువపేటకని అటొక ద్వారం, దిగువపేటకని ఇటొక ద్వారం పెట్టించాడు. ఎటునుంచి వెళ్ళి చూస్తే ఆ పేట తాత. రద్దీకి లోటు లేదు. మీరు వెళ్ళినా, ఏ వరసలో నిలబడతారని గుమ్మంలోనే మర్యాదగా అడుగుతారు. తెలియదన్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.