పక్కవాళ్ళకు జేజేలు!

ఎండు నెత్తళ్ళ తలలు తుంచుతూ వరండాలో కూర్చున్నాను. కొత్తపట్నం చేపలు. ఎదురుగా మా బసవమ్మ పిన్ని అట్టముక్క మీద టులెట్ బోర్డు రాస్తోంది: 'మేడమీద పోర్షన్ అద్దెకు ఇవ్వబడును. శాకాహారులకు మాత్రమే.' అట్టకు నీచువాసన అంటుతుందని నన్ను కాస్త అవతలికి జరగమంది.

అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. పాఠకులారా, మన గుంటూరు నాగరికమైపోయింది! ఆ పుణ్యమంతా అపార్ట్‌మెంట్లదే!

చిలకలూరిపేట దగ్గర మా పల్లెలో ఇల్లు అద్దెకడిగితే మొహమ్మీదే "మీరేమిట్లు?" అని కులం అడిగేస్తారు. ఎంత మోటు! ఇక్కడ అలా కాదు. సాయిబులకు ఇవ్వమని ఒక్కరూ అనరు. "మీరు వెజ్జేనా అండీ?" అని నవ్వుతూ అడుగుతారు. అడిగేవాళ్ళ వంటింట్లో కోడి ఉడుకుతుంటే మాత్రమేం? రూలు అద్దెకొచ్చేవాళ్ళకు గానీ ఓనర్లకా?

మా వీధిలో మొన్నమొన్నటిదాకా దూదేకులవాళ్ళ పెంకుటిళ్ళ వరుస ఉండేది. స్థలం ఆసామి బిల్డరుకు ఇచ్చేశాడు. పొక్లెయిను వచ్చి ఒక్క పూటలో చదును చేసేసింది. 'గ్రీన్ ప్యారడైజ్' అని బోర్డు పెట్టారు. బోర్డు కనబడటం లేదని వేపచెట్టు కొట్టేశారు.

ఎన్ని లాభాలో చూడండి! దూది ఏకే చప్పుడు పోయింది, పునాదులు తవ్వే మిషను చప్పుడు వచ్చింది. రంజాన్‌కు గిన్నెల నిండా సేమ్యా పాయసం రావడం ఆగిపోయింది. దాంతో బాబాయి షుగరు అదుపులోకొచ్చింది. డాక్టరు చేయలేనిది బిల్డరు చేశాడు! మరి ఖాళీ చేసినవాళ్ళకు నష్టమా? నల్లపాడు అవతల ఎక్కడో పొలాల మధ్య, బోలెడంత మంచి గాలి. ఆ గాలి పీల్చుకుంటూ మెయిన్ రోడ్డుదాకా నడిస్తే ఒంటికెంత మంచిది!

ఒక్క జోహరాబీకే ఆ గాలి పడలేదు. ఈ వీధిలో పెళ్ళి పరుపులన్నీ కుట్టింది ఆవిడే. కూతురు నస్రత్ పదో తరగతి. బడి మా వీధి చివర. అక్కణ్నుంచి చీకటితో బయల్దేరినా బడిగంట అందడం లేదు. రోజూ గేటు బయట నిలబడలేక ఆ పిల్ల చదువు మానేస్తానంటోందట.

ఆవేళ జోహరాబీ మా వరండాలోనే ఉంది, పిన్ని పాత పరుపు విప్పి మళ్ళీ కుడుతూ. బోర్డు చూసింది.

"బసవక్కా, ఆ పోర్షనేదో మాకియ్యరాదా? పిల్ల పరీక్షలయ్యేదాకానే. నీచు వండన్లే, ఒట్టు!"

"అయ్యో, నాకేం అభ్యంతరమే పిచ్చిదానా! నువ్వు మా ఇంట్లో మనిషివి. పక్కవాళ్ళు ఊరుకోరు గానీ..."

ఆహా, పక్కవాళ్ళు! ఎంత మహానుభావులు! ఊరంతా వెతకండి, అభ్యంతరమున్న ఓనరు ఒక్కరు దొరికితే చూపించండి. ఉన్నదల్లా పక్కవాళ్ళకే. వాళ్ళే లేకపోతే మనందరి మంచితనం ఏమైపోయేది?

జోహరాబీ సూది పరుపులో గుచ్చి లేచింది. తిన్నగా గోడ దగ్గరికెళ్ళింది.

"ఏమమ్మా వెంకటరావమ్మగారూ! మేం ఇక్కడ మేడమీద దిగితే మీకేమన్నా ఇబ్బందా?"

పక్కింటి వెంకటరావమ్మ బట్టలారేస్తూ ఇటు తిరిగింది. "నాకేం ఇబ్బందే? నిక్షేపంగా దిగు! మా కోడలి పరుపు ఉండలు కట్టి చస్తోంది, చేతికందుతావు. పట్టింపంతా మీ బసవక్కకే. ఆవిణ్నడుగు!"

పిన్ని బోర్డు వంక చూసింది, గోడ వంక చూసింది.

"ఆవిడ కాదే..." అంది చివరికి. "అటు పక్కవాళ్ళు."

అందరం అటు తిరిగాం. అటు పక్కన గ్రీన్ ప్యారడైజ్ పునాదుల కోసం తవ్విన గొయ్యి ఉంది. అడుగున వాననీళ్ళు, నాలుగు పగిలిన పెంకులు. పొక్లెయిను వచ్చేదాకా మాకు అటు పక్కవాళ్ళు జోహరాబీ వాళ్ళే.

వెంకటరావమ్మ ఖాళీ బకెట్టు పట్టుకుని లోపలికెళ్ళిపోయింది. జోహరాబీ వచ్చి పరుపు ముందు కూర్చుంది. మిగిలిన కుట్లన్నీ వేసింది. దారం పంటితో కొరికి, ఎక్కడా ఎత్తుపల్లాల్లేకుండా అరచేత్తో సాపు చేసింది.

"టీ పెడుతున్నా, తాగి వెళ్ళవే," అంది పిన్ని.

జోహరాబీ చెప్పులేసుకుంది. గేటు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.