పళ్ల డాక్టరు వేలు, పాత సీసా మూతి

ఆ పొద్దున పళ్ల డాక్టరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. క్లినిక్ తెరిచేలోపు నీలం సీసాను మెత్తటి గుడ్డతో తుడవాలి, ముందుగది బల్ల మీద పెట్టాలి, పాత సీసాల సంఘం పెద్దాయన రాగానే పరీక్షించమని చేతికివ్వాలి. అంతే. కాకపోతే డాక్టరు ప్రాణాలన్నీ ఆ సీసాలోనే ఉన్నాయి. పాత సీసాలు పోగుచేసే ఈ సరదా పట్టుకున్నప్పటి నుంచీ ఇంట్లో బకెట్లన్నీ సీసాలు నానడానికే చాలక, భార్య స్నానానికి చెంబుతో సరిపెట్టుకుంటోంది. "ఒక్కటైనా అసలైనదని ఆ పెద్దాయన చెప్పారా, సరే. లేదా, సాయంత్రానికి అన్నీ పాత సామాన్ల బండెక్కుతాయి," అని ఆవిడ తేల్చేసింది. ఆవిడ మాటంటే శిలాశాసనం.

భూతద్దంలో శకునం బాగానే ఉంది. గాజులో బుడగలున్నాయి. అచ్చు అతికిన గీత మెడ దాకా వచ్చి ఆగిపోయింది. మెషిన్లో పుట్టిన సీసాకైతే ఆ గీత మూతి అంచు దాకా పాకుతుంది. మూతిని మనిషి చేత్తో దిద్దితేనే ఇలా మధ్యలో చెరిగిపోతుంది. లోపల కూడా చూసేస్తే ఓ పనైపోతుందనుకున్నాడు. ఏళ్ల తరబడి చేస్తున్న వృత్తాయె, దేన్నయినా వేలితో తడిమితే తప్ప ఆయనకు నమ్మకం కుదరదు. చూపుడువేలు దూర్చాడు. లోపల నున్నగానే ఉంది. వేలే వెనక్కి రానంది.

కేక విని భార్య వచ్చింది. చూసింది. వెళ్లి సుత్తి పట్టుకొచ్చింది.

"కదలకుండా పట్టుకోండి."

"ఒసేయ్, దాని వయసుకైనా మర్యాదివ్వు!"

"మీ వయసుకిస్తున్నా. లేకపోతే చెప్పకుండానే కొట్టేదాన్ని."

"పోనీ, వేడినీళ్లు పోస్తాను," అంది మళ్లీ జాలిపడి.

"వద్దు! పాత గాజుకి వేడి తగిలితే బీటలిస్తుంది!"

సబ్బు రాశారు, లాగారు. వేలు కందింది, వాచింది. అంతలో గంట మోగింది. దవడ వాచిన లారీ డ్రైవరు లోపలికొచ్చి నిలబడిపోయాడు. డాక్టరు జుట్టు రేగిపోయి ఉంది, మొహమంతా చెమట, కళ్లు ఎర్రబడ్డాయి, చేతిలో సీసా.

"ఇంత పొద్దున్నేనా డాక్టరుగారూ?"

"ఏం ఫరవాలేదు, కూర్చో. ఒంటిచేత్తో పీకేస్తా."

డ్రైవరుకి నొప్పి ఠక్కున తగ్గిపోయింది. వచ్చిన దారినే పరుగెత్తాడు. వీధి మలుపు తిరిగేసరికి గోరంత కొండంతయింది. కాసేపటికి ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరు, పక్కింటావిడ, వాళ్ల వెనకాల సగం వీధీ ముందుగదిలో ఉన్నారు.

"ఎన్నాళ్లుగా భరిస్తున్నావే తల్లీ?" అంది పక్కింటావిడ, భార్య చెయ్యి పట్టుకుని. "లోపల ఇంకా ఉన్నాయటగా?"

"అయ్యో, బకెట్ల నిండా ఉన్నాయి పిన్నిగారూ," అంది భార్య. ఆవిడకింకా సంగతి తెలీదు.

గదంతా ఉసూరుమంది. హెడ్మాస్టరు సుత్తి అందుకున్నాడు. "ముందీ మాయదారి సీసా పగలగొడదాం. మిగతావి తర్వాత చూద్దాం. చదువుకున్నవాడివి, నీకిదేం తాగుడయ్యా?"

అప్పుడర్థమైంది భార్యకి. మొగుణ్ణి తను నానా మాటలూ అనొచ్చు, ఊళ్లోవాళ్లు అంటే ఎలా ఊరుకుంటుంది? సుత్తి లాక్కుంది.

"మా ఆయన తాగుబోతా? చెయ్యి పైకెత్తండి!" అంది మొగుడితో. డాక్టరు చెయ్యెత్తాడు. వాపు పట్టిన వేలి మీద సీసా తలకిందులుగా నిలబడింది. "ఈ గీత చూడండి, మెడ దగ్గరే ఆగింది. ఎందుకాగింది? మూతి చేత్తో దిద్దారు గనక. ఈ బుడగలు చూడండి. గరుకు పీచుతో తోమితే గీతలు పడతాయి, కాగితం అంటించి ఉంటే నీళ్లల్లో వెయ్యనే కూడదు..."

"అది కాదు, ఇంకా—" అన్నాడు డాక్టరు.

"మీరుండండి, చెబుతున్నాగా!"

అన్నం తింటూ, పక్క దులుపుతూ, విసుక్కుంటూ విన్నదంతా పొల్లుపోకుండా అప్పజెబుతోంది. డాక్టరు తెల్లబోయి చూశాడు. గోడకి చెప్పుకుంటున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ. వేలి సంగతే మర్చిపోయాడు.

"బాగుందమ్మా," అన్నారెవరో. గుమ్మంలో సంఘం పెద్దాయన. ఎప్పుడొచ్చారో, జనం వెనక నిలబడి అంతా విన్నారు. డాక్టరు కంగారుగా చెయ్యి దించి నమస్కారం పెట్టబోయాడు. ఇంతసేపూ పైకెత్తి ఉంచడంతో వాపు తీసిన వేలు సర్రున జారింది. సీసా గాల్లోకి లేచింది. భార్య సుత్తి వదిలేసి రెండు చేతులా దాన్ని పట్టేసింది. సుత్తి హెడ్మాస్టరు కాలి మీద పడింది.

పెద్దాయన సీసాను వెలుగుకి పెట్టి అటూ ఇటూ తిప్పారు. "అసలైనదే. పాతకాలపు మందుల సీసా. మీ ఇంట్లో ఉండాల్సిన వస్తువే," అన్నారు. డాక్టరు కళ్లు తుడుచుకున్నాడు. భార్య కూడా తుడుచుకుంది, కానీ ఎవరూ చూడకుండా.

"మా సంఘంలో ఒక్క ఖాళీ ఉంది. సీసా గురించి నలుగురికీ అర్థమయ్యేలా చెప్పగలవాళ్ల కోసమే ఆగాం," అన్నారు పెద్దాయన. డాక్టరు చొక్కా సర్దుకుని ముందుకొచ్చాడు.

"మీరు కాదండీ," అన్నారు పెద్దాయన మర్యాదగా, "అమ్మగారు."

కొత్త సభ్యురాలు ఆ సాయంత్రమే మొదటి నిబంధన పెట్టింది: తను పక్కన లేకుండా డాక్టరుగారు సీసాలు ముట్టుకోకూడదు.