సుక్రు వాతావరణ కేంద్రం

రోగం కొలిచేదాకానే రోగం. కొలిచిన తర్వాత అది ప్రగతి. ఈ మహాసత్యాన్ని ప్రపంచ దేశాలన్నీ ఎప్పుడో ఒప్పుకున్నాయి. మా అరకు లోయ మాత్రం కాస్త ఆలస్యంగా, డెబ్బైల మొదట్లో, ఇనుప ఖనిజం రైళ్లు కొండల్లో తిరగడానికి అలవాటుపడిన కొత్తలో ఒప్పుకుంది.

ఒప్పించినవారు శ్రీ జగన్నాథరావు గారు. 'రోగ పరిమాణాలు, పోకడలు, నిర్మూలన ప్రగతి కార్యాలయం' అనే పొడవాటి బోర్డు కింద కూర్చునే ప్రత్యేకాధికారి. మైదానం నుంచి బదిలీ మీద వచ్చారు. (ఏజెన్సీకి ఎవరూ ఇష్టపడి రారు. ఆయన ఇష్టం లేకపోయినా ఉత్సాహంగా వచ్చారు.) ఆయన గదిలో ఒక గోడంతా ప్రపంచ పటం. మలేరియా ఉన్నచోట ఎరుపు, పోయినచోట ఆకుపచ్చ. సముద్రాల అవతల ఇంతకన్నా పెద్ద పటం ఒకటి ఉందనీ, ఇక్కడ మనం ఏ రంగు వేస్తే అక్కడా అదే వేస్తారనీ చెప్పేవారు. మా లోయ మీద తానే కుంచె పట్టుకుని ఆకుపచ్చ వేశారు. కొండలు ముందునుంచీ ఆ రంగులోనే ఉన్నాయి కనుక పని సులువైంది.

రంగు ఆరగానే ఎర్రరంగు సీసాను పై ఆఫీసుకు తిప్పి పంపేశారు. మలేరియా మాత్రల డబ్బాలను బీరువాలో పెట్టి లక్కముద్ర వేయించారు. లేని రోగానికి మందు ఇస్తే రోగం ఉందని ఒప్పుకున్నట్టే కదా! దోమలకు ఈ సంగతి ఎవరు తెలియజేయాలో మాత్రం ఉత్తర్వులో లేదు.

నేను అప్పుడు ఆ పక్కగదిలో ఉన్న తపాలా ఆఫీసులో తంతి గుమాస్తాని. మధ్యగోడ సగం వరకే ఉండేది. కాబట్టి ఈ చరిత్రకు నా చెవులే సాక్షులు.

ఒక శుక్రవారం, సంతరోజున, రత్నాలు అనే మనిషి తన మొగుడు సుక్రును డోలీలో మోయించుకుని కొండ దిగి వచ్చింది. డోలీని వరండాలో దింపారు. గొంగళి కింద సుక్రు ఎంత వణుకుతున్నాడంటే, డోలీ కర్ర గోడకు కొట్టుకుని టకటకమంటోంది. నా తంతియంత్రం అనుకుని ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.

"ఏటైందమ్మా?" అన్నాడు కాంపౌండరు యర్రయ్య.

"సలిజొరం బాబూ. రోజు ఇడిసి రోజు వత్తంది. బేగి ఆ సేదు మాత్రలియ్యండి. నిరుడు మా అయ్యకి ఇచ్చినారు, లేచి కూకున్నాడు."

యర్రయ్య చెయ్యి బీరువా వైపు వెళ్లబోయింది. జగన్నాథరావు గారు దగ్గారు. చెయ్యి వెనక్కి వచ్చింది.

"ఆ మాత్రలు మలేరియాకమ్మా. ఇక్కడ మలేరియా లేదు. అదుగో, పటం చూడు."

రత్నాలు చాలాసేపు చూసింది. "ఇందులో మా గూడెం ఏది బాబూ?"

"ఆ ఆకుపచ్చలోనే ఉంది."

"మావోడూ అందులోనే ఉన్నాడు గదా. మరేల వొణుకుతన్నాడు?"

ఇలాంటి ప్రశ్నలు పటాలను అడగకూడదు. జగన్నాథరావు గారు మంచివారు కనుక కోప్పడకుండా, అసలేమవుతోందో మొదటినుంచీ చెప్పమన్నారు.

"ముందల సలి. ఎన్ని కప్పినా ఆగదు. ఆనక సెగ, ఒంటి మీద సెయ్యెట్టనేం. ఆనక సెమట, సాప తడిసిపోద్ది. మర్నాడు బాగుంటాడు, అంబలి తాగుతాడు. ఆ మర్నాడు మళ్లీ సలి."

జగన్నాథరావు గారి ముఖం వెలిగింది. "చలి, వేడి, తడి. చలికాలం, ఎండాకాలం, వానాకాలం. యర్రయ్యా, ఇది రోగం కాదయ్యా, వాతావరణం!"

"చిత్తం" అన్నాడు యర్రయ్య.

ఇది హాస్యానికి అన్నమాట కాదు. పాలన అంతా తెలుగులోనే సాగాలని అప్పుడే ఉత్తర్వులు వచ్చాయి. వాటిని ఆయన భక్తితో అమలుచేస్తూ, జబ్బు పేరులో మొదట ఏ మాట ఉంటే ఆ మాటకు సంబంధించిన శాఖకే జబ్బు చెందుతుందని ఒక నియమం తయారుచేశారు. పంటినొప్పి వ్యవసాయ శాఖకు వెళ్లింది. నీళ్ల విరేచనాలు నీటిపారుదలకు వెళ్లాయి. (వాళ్లు తూము ఎక్కడుందో తెలపమని రాశారు.) చలిజ్వరంలో మొదట ఉన్నది చలి. ఇక వాదించడానికేముంది?

వాతావరణం వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. ఒకే మనిషిలో మూడు కాలాలూ చూపించే కేంద్రం వాళ్లకు అంతవరకూ లేదు. అయితే వాళ్ల నియమాలు వాళ్లకున్నాయి. కేంద్రం చుట్టూ కంచె ఉండాలి. తెల్లసున్నం వెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, కేంద్రం ఉన్నచోటు నుంచి కదలరాదు.

డోలీ తిరిగి కొండెక్కింది. సుక్రు గుడిసెకు సున్నం వేసి, మనిషి వంగి దూరేంత సందు మాత్రం వదిలి, చుట్టూ ముళ్లతీగ కంచె బిగించారు. యర్రయ్య రోజూ ఎక్కి, సుక్రు నాలుక కింద ధర్మామీటరు పెట్టి, దిగివచ్చి నాకు అంకె చెప్పేవాడు. నేను తంతి కొట్టేవాణ్ణి. గూడెం, నూట నాలుగు. ఆ వారమే రేడియోలో, ఏజెన్సీలో తీవ్రమైన వడగాలులు వీస్తున్నాయనీ, ప్రజలు తలకు తడిగుడ్డ చుట్టుకోవాలనీ చెప్పారు. అది పుష్యమాసం. లంబసింగిలో జనం నెగళ్ల చుట్టూ కూర్చుని ఆ వార్త విన్నారు. సంతలో చలివేంద్రం పెట్టి, పళ్లు గడగడలాడుతున్న మనుషులకు బలవంతంగా మజ్జిగ తాగించారు.

సముద్రాల అవతలి నుంచి అభినందనలు వచ్చాయి. మలేరియా సున్నా అయిన చోటే వాతావరణం ఇంత వింతగా మారడం ప్రపంచ పోకడల్లోనే కొత్త అట.

రత్నాలు మళ్లీ వచ్చింది. ఈసారి డోలీ లేదు, ఒక్కతే.

"బాబూ, కంచె ఇచ్చినారు, సున్నం ఇచ్చినారు, మాత్ర ఇయ్యనేదు. అంబలి దిగడం నేదు బాబూ ఆడికి. మీరియ్యకపోతే పోనియ్యండి, కంచె ఇప్పీండి. కిందకి, సీమదొరల ఆసుపత్రికి మోసుకుపోతాం."

"కేంద్రం కదలకూడదమ్మా."

"ఆడు కేంద్రం గాదు బాబూ. సుక్రు."

యర్రయ్య ఉండబట్టలేక, "రొండు మాత్రలే గదండీ. ముద్ర మళ్లీ నేనేసెత్తాను, ఎవలికీ తెలీదు" అన్నాడు.

"అవి రెండు మాత్రలు కావు యర్రయ్యా. ప్రపంచ పటం" అన్నారు జగన్నాథరావు గారు. అంతలోనే మనసు కరిగి రత్నాలు వైపు తిరిగారు. "మార్గం లేకపోలేదు. మీ గూడేన్ని ఎర్రగా మారిస్తే బీరువా తెరవచ్చు. కానీ ఎర్రరంగు స్టాకులో లేదు. ఇవాళే రాస్తాను. రంగు రాగానే మీ ఆయనకి మలేరియా మంజూరు చేస్తాం."

నాకు ఒళ్లు మండిపోయింది. (అప్పుడు ఎవరైనా నన్ను కొలిచి ఉంటే ఏజెన్సీలో ఇంకో వడగాలి నమోదయ్యేది.) దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ దేవుడు బీరువాలో ఉన్నాడు, పూజారి దగ్గర తాళంచెవి ఉంది, మధ్యలో లక్క ఉంది. రత్నాలు ఆ బీరువాకే దండం పెట్టి వెళ్లింది.

ఆ తర్వాతి మంగళవారం యర్రయ్య కొండ దిగి వచ్చి అంకె చెప్పలేదు. చీటీ ఇచ్చాడు. 'సుక్రు కాలం చేశాడు' అని ఉంది. చచ్చిపోయాడని రాయడానికి అతనికి చెయ్యాడలేదట. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ తెలుగు మాటల్నే నేను తంతి కొట్టాను.

సాయంత్రానికి వాతావరణం వాళ్ల జవాబు వచ్చింది. 'ఏ కాలం? చలికాలమా, ఎండాకాలమా, వానాకాలమా? వెంటనే తెలుపుడు.'

మర్నాడు పొద్దున్నే రత్నాలు వచ్చింది. కంచె విప్పితేగాని శవాన్ని బయటికి తియ్యలేరు, అది అడగడానికి. జగన్నాథరావు గారు లేచి నిలబడ్డారు. నిజంగానే బాధపడ్డారు. కంచె విప్పడానికి వెంటనే ఒప్పుకున్నారు. తర్వాత తంతి చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమీ అనుకోకమ్మా. పైవాళ్లు అడుగుతున్నారు. మీ ఆయన ఏ కాలం చేశాడు?"

రత్నాలు ఆయన ముఖంలోకి చూసింది.

"బతికే కాలమే బాబూ" అంది.

ఆ కాలం పట్టికలో లేదు. జగన్నాథరావు గారు కాసేపు ఆలోచించి 'సాధారణం' అని రాయించారు. నేను అదే పంపాను.