మూడు బటన్లూ వర్ధిల్లాలి!

ఒకే పనిని ముగ్గురు విడివిడిగా చేయడాన్ని మించిన దేశసేవ లేదు! నమ్మరా? కలిసి చేస్తే ఏమొస్తుందండీ? పని అయిపోతుంది. అయిపోయాక గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి.

మా అనంతపురం సీమకు ఇంకా ఆ గతి పట్టలేదు.

జావా అని కంప్యూటర్ భాష ఒకటుంది. దాంతో రాసిన ప్రోగ్రామ్ ఎంత చాకిరీ అయినా చేస్తుంది గానీ, తెర మీద కిటికీలూ బటన్లూ అందంగా చూపాలంటే వేరే సరంజామా కావాలి. దాన్ని టూల్‌కిట్ అంటారు. జావా ఎద్దయితే టూల్‌కిట్ బండి. రెంటినీ కలిపే కాడి పేరు బైండింగ్. బండికి ఒక్క కాడి చాలు కదా అంటారా? ఎంత పిసినారి బుద్ధండీ మీది!

మాకు మూడున్నాయి. అనంతపురంలో సుదర్శన్‌ది, కొత్తచెరువులో ఐశ్వర్యది, కదిరిలో అభిలాష్‌ది. మూడూ ఓపెన్ సోర్సే! అంటే ఎవరైనా చూడొచ్చు, తీసుకోవచ్చు, బాగుచేయొచ్చు. ఎవరైనా అంటే పక్క ఊరివాళ్లు తప్ప.

శింగనమల రైతు సంఘంలో విత్తనాలిచ్చే వనజాక్షి మూడింటినీ వాడి చూసింది. ఐశ్వర్య బటన్ తళతళలాడుతుంది, నొక్కితే మాత్రం ఉలకదు, పలకదు. సుదర్శన్ బటన్ నొక్కగానే పలుకుతుంది, కానీ తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోతాయి. లైన్లో ముందున్న రైతు బయ్యన్న పేరంతా ఖాళీ డబ్బాలే! అభిలాష్ కిటికీలో అన్నీ బాగున్నాయి. ఒకసారి తెరిస్తే మూసుకోదు, అంతే. సాయంత్రం దాకా మొదటి రైతు పేరే! ఇంత వైవిధ్యం ఏ మహానగరంలో దొరుకుతుంది?

సంఘం రూలు ప్రకారం తెర మీద పేరు ఎక్కందే వేరుశనగ మూట గోడౌన్ దాటకూడదు. మొన్ననే వాన పడింది. పదును, అంటే మట్టిలో తేమ, ఆరేలోపు విత్తనం నేలలో పడాలి, లేదంటే ఈ ఏడాది పంట మీద ఆశ వదులుకోవాలి. వాకిట్లో రైతులు బారులు తీరారు. వనజాక్షి ముగ్గురినీ ఫోన్లో ఒకచోట కలిపి స్పీకర్ ఆన్ చేసింది. దీన్నే సమన్వయం అంటారు.

ఆహా, ఏం సమన్వయం! మొదటి గంట ముగ్గురూ అప్పటికప్పుడు వేసుకున్న కమిటీకి పేరు పెట్టడంలోనే హాయిగా గడిచింది. సమన్వయం కోసమని ముగ్గురూ ఇదివరకే తలా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారని తేలింది. వాటిని కలపడానికి ఇంకొకటి పెట్టారు. అడ్మిన్ ఎవరన్నది తేలలేదు.

"నా బటన్ ఎంత సక్కగుండాదో సూడండన్నా! సుదర్శనన్న వచ్చి నా దాంట్లో కలిస్తే సరిపోతాది" అంది ఐశ్వర్య.

"నేనెందుకు రావల్లమ్మా? ముందు మొదులుపెట్టినోన్ని నేను!" అన్నాడు సుదర్శన్.

బయ్యన్న ఇక ఆగలేక ఫోన్ దగ్గరికి వంగాడు. "ఏమప్పా, ఆడ పదును ఆరిపోతాండాది. మీ ముగ్గురిదీ ఒకే పని గదా, ఒక్క తాన కూసోని చేసుకోకూడదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అంత మంచి చర్చను చెడగొడతాడా!

"ఏం బయ్యన్నా, నువ్వూ నీ తమ్ముళ్లూ ఒకే చేన్లో పక్కపక్కనే మూడు బోర్లు ఏసుకోలేదా? ఎవురి బోరు వాళ్లదే గదా!" అని గట్టిగా అంటించాను.

"ఏసుకుంటిమప్పా. మూడూ ఎండిపాయ. అందుకే చెప్తాండా" అన్నాడు.

ఫోన్లో అభిలాష్ అందుకున్నాడు. "పెద్దాయన చెప్పింది నిజమేనన్నా. మూడూ కలిపి ఒకటే చేద్దాం. అందురూ నా దాంట్లోకి వచ్చేయండి!"

అంతే, చర్చ మళ్లీ కళకళలాడింది.

ఇంత గొప్ప సభలో నీకేం పని అంటారా? పనేముంది, ఖాళీ గోనెసంచి పట్టుకుని బయ్యన్న వెనకాలే నిలబడ్డాను. నాకూ కాస్త మెట్ట చేనుంది మరి! నాయనా సుదర్శన్, అమ్మా ఐశ్వర్యా, బాబూ అభిలాష్! పేరు ఎవరిదైనా పెట్టుకోండి, గొప్ప ఎవరిదైనా చెప్పుకోండి. ఈ పూటకు ఏదో ఒక బటన్ పనిచేసేలా చూడండి తండ్రీ. ఎండ ముదురుతోంది.